వేళ్లకు వచ్చిన ఇంగ్లిషు

ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్. సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె.

ఈ రెండు ముక్కలు వినగానే ఎవరి వేళ్లయినా బల్ల మీద వాటంతట అవి కదిలాయంటే, వాళ్లు పదో తరగతో ఇంటరో అయ్యాక వేసవి సెలవుల్లో టైపుకి వెళ్లొచ్చిన తరం అని అర్థం. అరవైల నుంచి తొంభైల మొదటి దాకా తెలుగునాట ఓ మోస్తరు పట్నంలో టైపు ఇన్‌స్టిట్యూట్ లేని బజారు ఉండేది కాదు. గుంటూరు బ్రాడీపేటలోనైనా, హనుమకొండ చౌరస్తా దగ్గరైనా, మేడ మెట్ల పక్కన ఒక రేకు బోర్డు, పైన ఒక పొడుగాటి గది, లోపల రెండు వరసల మిషన్లు. పొద్దున్నే ఆరింటికి మొదటి బ్యాచి. బియ్యే ఉద్యోగం తెస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు గానీ, టైపు లోయరు పాసైతే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ కార్డులో ఒక అర్హత ఎక్కుతుంది కదా అని తండ్రుల లెక్క. సెలవులిచ్చినా పిల్లలు ఇంట్లో కాళ్లు బారజాపుకుని కూర్చోకుండా ఉంటారని తల్లుల లెక్క.

అక్కడ నేర్పింది మిషను కొట్టడం ఒక్కటే అని అందరూ అనుకుంటారు. కానీ ఆ గదుల్లో ఇంగ్లిషు మాటలు కూడా ఒక విచిత్రమైన వరసలో పిల్లలకి పట్టుబడ్డాయి. బడిలో మాట అర్థంతో వస్తుంది. నిఘంటువులో మొదటి అక్షరంతో వస్తుంది. ఇన్‌స్టిట్యూట్‌లో మాత్రం ఏ మాట ఏ వరసలో ఉంది, ఏ చేతి కిందకి వస్తుంది, ఏ వేలికి అందుతుంది అన్నదే లెక్క. అర్థం తెలియకపోయినా ఫరవాలేదు, తప్పు పడకూడదు.

మొదటి వారం మాటలే ఉండవు. మీటల మీద అక్షరాలు కనపడకుండా అట్టముక్క కప్పి, ఎడమచేతి చిటికెన వేలు ఎ మీద, కుడిచేతి చిటికెన వేలు సెమికోలన్ మీద పెట్టించి, ఆ పన్నెండు దెబ్బలనే పేజీల కొద్దీ కొట్టించేవారు. చూపు పుస్తకం మీదే ఉండాలి. తల కిందికి వాలితే సారు చేతిలోని స్కేలు వేలి కణుపుల మీద వాలేది. చిటికెన వేలికి బలం ఉండదు కాబట్టి ఎ అక్షరం వెలిసిపోయినట్టు పడేది, పక్కనున్న ఎస్ నల్లగా దిగేది. కాగితం వెలుతురుకి ఎత్తి చూసి, ఏ పిల్లాడి ఏ వేలు బద్ధకిస్తోందో చెప్పే సార్లుండేవారు. కొన్నాళ్లకి ఎ కూడా నల్లబడేది. అప్పుడు గానీ మాటల్లోకి రానిచ్చేవారు కాదు.

ఆ మొదటి మాటలు ఏవి? ఆస్క్, ఆల్, లాడ్, శాడ్, హాల్, ఫాల్, డ్యాష్, ఫ్లాగ్, గ్లాస్, ఫ్లాస్క్, శాలడ్. అన్నీ నడిమి వరసలోని తొమ్మిది అక్షరాలతో అయ్యేవే. వాటి స్పెల్లింగులు వరసగా రాసుకుంటే ఒక సంగతి తెలుస్తుంది: ఒక్కదాంట్లో కూడా ఎ తప్ప మరో అచ్చు లేదు. ఉండడానికి వీల్లేదు, ఆ వరసలో ఉన్న అచ్చు అదొక్కటే. అందువల్ల టైపు నేర్చుకునే కుర్రాడి మొదటి ఇంగ్లిషు ప్రపంచంలో గ్యాసు, గ్లాసు, ఫ్లాస్కు, శాలడ్ ఉండేవి గానీ ఇల్లూ, మనిషీ, అన్నమూ ఉండేవి కావు. శాలడ్ అన్న వస్తువు ముఖం చూడని పల్లెటూరి పిల్లలు దాన్ని కొన్ని వందల సార్లు కొట్టి ఉంటారు. పుస్తకం రాసినవాళ్లు ఇంగ్లిషువాళ్ల భోజనాల బల్ల చూసి ఏరిన మాటలు కావవి, తొమ్మిది అక్షరాల్లో దొరికినవి దొరికినట్టు పోగేసినవి.

అలా పోగేస్తే మన సొంత సరుకూ కొంత తేలుతుంది. పప్పుని ఇంగ్లిషులో రాసే దాల్ ఈ వరసలోదే. బడ్జెట్ కాగితాల నిండా కనబడే లాక్, అంటే మన లక్ష, నాలుగక్షరాలూ ఇక్కడివే. అమెరికా యాభై రాష్ట్రాల్లో ఒకే వరస మీద కొట్టగలిగింది అలాస్కా ఒక్కటే అని టైపిస్టుల కబుర్లలో తరచూ వచ్చేది. మనకీ ఒక జవాబుంది: అన్నమయ్య జిల్లాలోని కలకడ. ఇంగ్లిషులో ఎనిమిదక్షరాలు, వేలు నడిమి వరస దాటక్కర్లేదు. గజ్జల అన్న ఇంటిపేరూ అంతే. జడ, గద, కల కూడా.

ఈ వరస ఇలా ఎందుకు తయారైందో చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, మిల్వాకీ నగరంలో క్రిస్టఫర్ లాథమ్ షోల్స్ అనే పత్రికా సంపాదకుడు, ఇద్దరు మిత్రులతో కలిసి 1868లో టైపురైటరుకి పేటెంటు పుచ్చుకున్నాడు. మొదట్లో మీటలన్నీ మామూలు ఎ బి సి డి క్రమంలోనే అమర్చాడు. తరవాత కొన్నేళ్ల పాటు అక్షరాలని అటూ ఇటూ జరుపుతూ పోయాడు. అక్షరాల కడ్డీలు ఒకదానికొకటి తగులుకుని చిక్కుపడకుండా జంటలని విడదీశాడని ఒక కథ. తంతి ఆఫీసుల్లో మోర్సు కోడు విని రాసేవాళ్ల సౌకర్యం కోసం మార్చాడని జపాన్ పరిశోధకులు చెప్పే కథ ఇంకొకటి. కారణం ఏదైనా, పాత క్రమం పూర్తిగా చెరిగిపోలేదు. నడిమి వరసలో డి నుంచి ఎల్ దాకా చదవండి: డి, ఎఫ్, జి, హెచ్, జె, కె, ఎల్. అచ్చం అక్షరమాలే. మధ్యలో ఇ, ఐ అనే రెండు అచ్చులు మాత్రం లేచి పై వరసకి పోయాయి. నడిమి వరసకి అచ్చుల కరువు అలా వచ్చింది. తుపాకులు తయారుచేసే రెమింగ్టన్ కంపెనీ 1870లలో ఆ మిషనుని బజారులోకి తెచ్చింది. మొదటి మోడల్లో పెద్దక్షరాలే ఉండేవి. 1878లో వచ్చిన రెండో మోడల్లో షిఫ్ట్ మీట పెట్టి చిన్నక్షరాలూ చేర్చారు.

చూడకుండా కొట్టడం కంపెనీ నేర్పిన విద్య కాదు. సాల్ట్ లేక్ సిటీ కోర్టులో స్టెనోగ్రాఫరుగా పనిచేసిన ఫ్రాంక్ మెక్‌గరిన్ తనంతట తాను సాధన చేసి పట్టుకున్నది. 1888 జులై 25న సిన్సినాటిలో లూయీ ట్రాబ్ అనే టైపు మాస్టారితో పందెం కాసి చిత్తుగా ఓడించాడు. ట్రాబ్ వాడింది పెద్దక్షరాలకీ చిన్నక్షరాలకీ వేరువేరు మీటలున్న క్యాలిగ్రాఫ్ అనే మిషను. దాన్ని చూడకుండా కొట్టడం చాలా కష్టం. ఆ పందెం తరవాతే మీటల వంక చూడకూడదన్న నియమం ఊరూరా పాకింది. మన సార్ల చేతిలోకి స్కేలు ఆ దారినే వచ్చి చేరింది.

నడిమి వరస వచ్చాక పై వరస. ఇక్కడ అచ్చులకి కొదవలేదు. ఇ, యు, ఐ, ఓ నాలుగూ ఇక్కడే కాపురం. అందుకే ఈ వరసలో మాటల పంట పండుతుంది. టైపురైటర్ అన్న పదక్షరాల మాటే మొత్తం ఈ వరసలో ఉంది. రెమింగ్టన్ సేల్స్‌మెన్ కొనేవాళ్ల ముందు చకచకా కొట్టి చూపించుకోవడానికి అలా అమర్చారని ఒక కథ ప్రచారంలో ఉంది. రుజువు లేని కథే అయినా ప్రతి ఇన్‌స్టిట్యూట్‌లోనూ వేదవాక్కులా చెప్పేవారు. బయట బోర్డు మీద ఓనరు పేరు కింద ఉండే ప్రొప్రయిటర్ కూడా పది అక్షరాలదే, అదీ పై వరసదే.

కాస్త వెతికితే సర్కారు కార్యాలయమే ఈ వరసలో దిగుతుంది. రిపోర్ట్, ప్రాపర్టీ, ప్రయారిటీ, టెరిటరీ, రిక్వైర్, కోర్టు వారి రిట్, పై అధికారి వేసే క్వెరీ, చివరికి రిటైర్. వేళ్లు పై వరస దిగకుండా ఒక గుమాస్తా సర్వీసంతా గడిచిపోతుంది. రిటైరయ్యాక రావలసిన పెన్షన్‌కి మాత్రం మూడు వరసలూ తిరగాలి.

కింది వరస బీడు. జెడ్, ఎక్స్, సి, వి, బి, ఎన్, ఎమ్. ఒక్క అచ్చూ లేదు కాబట్టి ఒక్క మాటా లేదు.

మూడు వరసలూ వచ్చాక చేతుల పాఠం. ఇందులో ఎడమచేతికి అన్యాయం జరిగింది. ఇంగ్లిషులో ఎక్కువగా వాడే ఇ, ఎ, టి, ఎస్, ఆర్ అయిదూ దాని వాటాకే వచ్చాయి. సగానికి మించిన చాకిరీ కుడిచేతి వాటం మనుషుల ఎడమచేతిదే. స్టివర్డెసెస్ అనే పన్నెండక్షరాల మాట మొత్తం ఎడమచేతితోనే కొట్టాలి. రెవర్బరేటెడ్ కూడా పన్నెండే. సీక్రెట్, స్ట్రీట్, ఎడ్రస్, కెరీర్, యావరేజ్ అన్నీ ఎడమవే. కుడిచేతికి పొడుగాటి మాటలు తక్కువ: లాలీపాప్, మొనాపలీ, ఒపీనియన్, మినిమమ్, మిలియన్. అవి కొడుతున్నంతసేపూ ఎడమచేతికి విశ్రాంతి.

అక్షరాల పంపకంలో ఎవరూ అనుకుని చేయని హాస్యం కొంత ఉంది. రాష్ట్రం, అంటే స్టేట్, పూర్తిగా ఎడమచేతిది. కేంద్రం, అంటే యూనియన్, పూర్తిగా కుడిచేతిది. కార్మికుల భాషలో చెప్పుకున్నా అదే: వేజెస్ ఎడమ, యూనియన్ కుడి. టీ ఎడమచేతిలో, మిల్క్ కుడిచేతిలో. వాటర్ ఇటు, ఆయిల్ అటు. సారుకి కోపం తెప్పించే నవ్వులు చాలా వరకు ఇలాంటివి ఎవరో ఒకరు కనిపెట్టినప్పుడు వచ్చినవే.

రెండు చేతులూ ఒకదాని తరవాత ఒకటి పడే మాటలంటే టైపిస్టులకి ప్రాణం. అవి స్పీడు పేపర్లో పడితే పండగే. ఛైర్మన్ అలాంటిది, ఎనిమిదక్షరాలూ ఎడమ కుడి, ఎడమ కుడి అని నడుస్తుంది. ఆడిటర్, విజిటర్, సోషల్, ఎలిమెంట్, ప్రాబ్లమ్ కూడా. నైబర్‌కి అమెరికా స్పెల్లింగు రాస్తే చేతులు చక్కగా మారుతూ పోతాయి. మనం రాసే బ్రిటిషు స్పెల్లింగులో ఒక యు అదనంగా దూరి, కుడిచేతికి వరసగా రెండు దెబ్బలు పడి నడక చెడుతుంది. అయితే ఈ మార్చి మార్చి కొట్టడంలోనూ ఒక ప్రమాదముంది. ఒక చెయ్యి తొందరపడితే అక్షరాలు తారుమారవుతాయి. ది అన్న మూడక్షరాల మాటలో కుడిచేతి హెచ్ ముందుగా వచ్చి కూర్చుంటుంది. అండ్‌లో ఎన్ ఆలస్యమై డి ముందు దిగుతుంది. అంతకన్నా దొంగ తప్పు ఫ్రమ్, ఫామ్‌లది. నాలుగక్షరాలూ అవే, ఆర్ చోటు మారితే ఒకటి ఇంకొకటవుతుంది. రెండూ సరైన మాటలే కాబట్టి సరిచూసే కన్నుకీ ఆనేది కాదు.

ఇక ఒకే వేలి మాటలు. ఎడమచేతి నడిమి వేలి కింద మూడక్షరాలే ఉంటాయి: ఇ, డి, సి. ఆ మూడింటితో అయ్యే మాట ఒకటి తెలుగువాళ్ల చరిత్రలోనే ఉంది, సీడెడ్. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన జిల్లాలకి కాగితాల్లో పడ్డ పేరది. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు పుట్టాక జనం ఆ పాత పేరుని మరిచిపోయారు గానీ, సినిమా పంపిణీదారులు మరవలేదు. నైజాం, సీడెడ్, ఆంధ్రా అని వసూళ్లు లెక్కగట్టడం ఇప్పటికీ నడుస్తోంది. మద్రాసులోనో విజయవాడ గాంధీనగర్‌లోనో పంపిణీ ఆఫీసు టైపిస్టు కలెక్షన్ల స్టేట్‌మెంటు కొడుతుంటే, ఆ అయిదక్షరాలకీ ఒకే వేలు అయిదు సార్లు లేచి పడేది. కొట్టడానికి ఇంత విసుగు పుట్టించే ప్రాంతం పేరు మరొకటి ఉండదేమో.

మాటల వల్ల కానిది ఒక్క వాక్యం చేసేది. ది క్విక్ బ్రౌన్ ఫాక్స్ జంప్స్ ఓవర్ ది లేజీ డాగ్. ముప్పయ్యయిదు అక్షరాల్లో ఇంగ్లిషు ఇరవయ్యారూ వచ్చేస్తాయి. కొత్త రిబ్బను ఎక్కించినా, మెకానిక్ మిషను బాగుచేసినా మొదట కొట్టి చూసేది దీన్నే. ఎక్కడ ఏ అక్షరం ఎగిరిపడుతోందో, దేని కడుపులో సిరా గడ్డకట్టిందో ఒక్క గీతలో తేలిపోతుంది. నక్క గెంతుతుంది అనకుండా గెంతింది అని భూతకాలంలో కొడితే మాత్రం ఎస్ తప్పిపోతుంది, పరీక్ష వృథా. అలా కొట్టేవాళ్లు చాలామందే ఉండేవారు.

పరీక్షలు ప్రభుత్వ సాంకేతిక విద్యా మండలివి. లోయరుకి నిమిషానికి 30 మాటలు, హయ్యరుకి 45. ఇక్కడ మాట అంటే మాట కాదు, అయిదు దెబ్బలు. ఖాళీ జాగా కూడా ఒక దెబ్బే. ఐ అన్న ఒంటరి అక్షరానికీ స్టివర్డెసెస్‌కీ ఒకే విలువ కట్టకుండా చేసుకున్న ఏర్పాటిది. ఆ లెక్కన లోయరు అంటే నిమిషానికి 150 దెబ్బలు, హయ్యరు అంటే 225. "లోయరైంది, హయ్యరు కట్టాను" అంటే పెళ్లిచూపుల్లో కూడా చెల్లుబాటయ్యే మాట.

పరీక్షకి మిషను కూడా అభ్యర్థితోనే వెళ్లాలి. ఆ రోజు పొద్దున పాలిటెక్నిక్ దారిలో రిక్షాల మీద గోనెసంచులు పరిచి మిషన్లు తరలించేవారు. పిల్లలు పక్కన నడుస్తూ కుదుపు తగలకుండా పట్టుకునేవారు. హాల్లో ఒక్కొక్కళ్లూ తమ మిషను దించుకుని, కింద మడత పెట్టిన గుడ్డ వేసి, మార్జిన్లు సరిచేసుకునేవారు. నెలల తరబడి ఒకే మిషను మీద సాధన చేసినవాడికి దాని వంకరలన్నీ తెలుసు. ఏ మీట గట్టిగా నొక్కాలో, ఏది తాకితే చాలో వేళ్లకి తెలుసు. ఇన్‌స్టిట్యూట్‌లో గోద్రెజ్ మిషను కోసం ముందుగా వచ్చి కూర్చోవడం, ఫ్యాసిట్ దొరికినవాడిని చూసి కుళ్లుకోవడం, పాత రెమింగ్టన్ మిగిలితే తిట్టుకుంటూ సర్దుకోవడం ఇందుకే. ఇన్విజిలేటర్ గంట కొట్టగానే రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు హాలంతా ఒక్కసారిగా మోగేది. పక్కవాడి మిషను వేగంగా చప్పుడు చేస్తుంటే మనవాడి వేళ్లు తడబడేవి. ఫెయిలైన వాళ్లలో సగం మంది చెప్పే కారణం అదే.

పాసయ్యాక ప్రపంచం కాస్త విశాలమయ్యేది. కలెక్టరాఫీసు, కోర్టు, ఇరిగేషన్ డివిజన్, జిల్లా పరిషత్తు, అన్నిచోట్లా టైపిస్టు పోస్టులుండేవి. మధ్యతరగతి ఇళ్లలో ఉద్యోగానికి పంపడమా అని తటపటాయించిన ఆడపిల్లలు చాలామంది ఈ దారినే గడప దాటారు. టీచరు, నర్సు, టైపిస్టు అన్న మూడు మాటల్లో మూడోదానికి చదువు ఖర్చు అందరికీ అందుబాటులో ఉండేది. ఉద్యోగం దొరకనివాళ్లు కోర్టు ఆవరణలో చెట్టు కిందా, రిజిస్ట్రారాఫీసు ఎదుటా బల్ల వేసుకుని పేజీకింత అని జాబ్ టైపింగు చేసుకునేవారు. అద్దె ఒప్పందాలు, అఫిడవిట్లు, బదిలీ కోసం అర్జీలు. ఊళ్లో ఎవరికి ఎవరితో తగాదా ఉందో, ఏ పొలం ఎవరి చేతిలోకి పోయిందో ముందుగా తెలిసేది వాళ్లకే.

ఆ మిషన్ల మీద కొన్ని అక్షరాలు రెండేసి పనులు చేసేవి. చాలా పాత మోడళ్లలో ఒకటి అంకెకి మీట ఉండదు. చిన్న ఎల్ కొట్టి ఒకటి అనుకోవాలి. 1961 అని తేదీ వేస్తే అందులో రెండు ఎల్‌లు ఉంటాయన్నమాట. ఆశ్చర్యార్థకమూ ఉండదు. అపాస్ట్రఫీ కొట్టి, వెనక్కి జరిపి, కింద ఫుల్‌స్టాప్ పెట్టాలి. ఒక్క ఆశ్చర్యానికి మూడు దెబ్బలు, ఆఫీసు ఉత్తరాల్లో ఆశ్చర్యాలు అంత తక్కువగా ఉండటంలో వింతేముంది? తప్పు పడితే అసలు కష్టం అప్పుడు. నాలుగు కార్బన్ కాపీలుంటే నాలుగింటినీ విడివిడిగా చెరపాలి, మధ్యలో కాగితం ముక్కలు దోపాలి. రబ్బరు పొట్టు కడ్డీల మధ్య పడకుండా ముందు క్యారేజీని ఒక పక్కకి జరపాలి. ఇంత తతంగం తెలిసినవాడు రాసే ముందే వాక్యాన్ని మనసులో సరిచూసుకునేవాడు.

టైపు పక్కనే షార్ట్‌హ్యాండు ఉండేది. రెండూ వస్తేనే స్టెనో. ఐజక్ పిట్‌మన్ 1837లో ప్రకటించిన ఆ పద్ధతిలో మాటల చుట్టరికం ఇంకో రకం. అక్కడ స్పెల్లింగుతో పనిలేదు, హల్లుల శబ్దంతోనే పని. ప, ట అన్న రెండు హల్లులున్న మాటలన్నిటికీ ఒకే గీత. దాన్ని కాగితం మీది రూళ్లకి పైన రాస్తే ప్యాట్ లేదా పాట్, రూళ్ల మీద రాస్తే పెట్, రూళ్లని కోస్తూ రాస్తే పిట్ లేదా పుట్. అచ్చుల చుక్కలు పెట్టే తీరిక డిక్టేషన్ ఇచ్చే దొర ఇవ్వడు. తరవాత టైపు చేసేటప్పుడు సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి. నోట్‌బుక్కులో ఒకే గీత, మిషను మీద అయిదు వేర్వేరు మాటలు: ఈ రెండు లెక్కల మధ్య రోజంతా తిరుగుతూ స్టెనోలు సంపాదించిన ఇంగ్లిషుకి డిగ్రీలిచ్చేవాళ్లు లేరు. ఆఫీసరు చెప్పిన వ్యాకరణాన్ని చప్పుడు లేకుండా దిద్ది పంపిన స్టెనోలు ప్రతి కార్యాలయంలోనూ ఉండేవారు.

1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. ఆఫీసుల్లోకి తెలుగు మిషన్లూ వచ్చాయి. నలభై పైచిలుకు మీటల్లో మన అచ్చులూ హల్లులూ గుణింతాలూ ఒత్తులూ ఇరికించడం సామాన్యమైన పని కాదు. కొన్ని మీటలు కొడితే గుర్తు పడుతుంది గానీ క్యారేజీ కదలదు. దాని మీదే తరవాతి ముక్క పడి అక్షరం పూర్తవుతుంది. ఇంగ్లిషులో ఒక దెబ్బకి ఒక అక్షరం, తెలుగులో అక్షరాన్ని ముక్కలుగా కట్టుకోవాలి. ఇంగ్లిషు హయ్యరు పాసైన ఘనులు కూడా తెలుగు మిషను ముందు మళ్లీ ఓనమాల దగ్గర కూర్చోవలసి వచ్చేది. తెలుగు లోయరు ఉంటే పోస్టు దొరకడం తేలిక అన్న ఆశతోనే చాలామంది ఆ కష్టం పడ్డారు.

గోద్రెజ్ కంపెనీ మన దేశంలో టైపు మిషన్లు చేయడం మొదలుపెట్టింది 1955లో. తొంభైల మొదట్లో కూడా ఏటా వేల సంఖ్యలో అమ్మింది. ఆ తరవాత పతనం వేగంగా జరిగింది. ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద మొదట చివరి గీతలో చిన్నగా కంప్యూటర్స్ అని చేరింది. రెండేళ్లకి ఆ మాట పైకెక్కి టైపు కిందికి దిగింది. ఆ పైన టైపే పోయింది. మిషన్లు కొన్ని పాత ఇనుము కింద తూకానికి పోయాయి, కొన్ని అటక ఎక్కాయి. 2011లో గోద్రెజ్ దగ్గర కొన్ని వందల మిషన్లే మిగిలాయన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. అయినా సాంకేతిక విద్యా మండళ్ల టైపు పరీక్షలు పూర్తిగా పోలేదు, పట్టుదలతో నడుపుతున్న ఇన్‌స్టిట్యూట్లు కొన్ని ఇంకా ఉన్నాయి.

మీటల అమరిక మాత్రం మారలేదు. 1936లో ఆగస్ట్ డ్వోరాక్ అనే అమెరికా ప్రొఫెసరు అచ్చులన్నీ నడిమి వరసకి తెచ్చి కొత్త అమరికకి పేటెంటు తీసుకున్నాడు. ఎంత మొత్తుకున్నా లోకం వినలేదు. అప్పటికే లక్షల వేళ్లు పాతదానికి అలవాటుపడ్డాయి. ఆ అలవాటే తెలుగువాళ్లకి తరవాత అక్కరకొచ్చింది. తొంభైల చివర హైదరాబాదులో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులు తెరిచినప్పుడు, అమెరికా డాక్టర్ల మాటలు విని కొట్టడానికి హయ్యరు పాసైన వేళ్లు సిద్ధంగా ఉన్నాయి. కంప్యూటరు మీద ఎఫ్, జె మీటలకి చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది, చూడకుండా చూపుడువేళ్లు నిలుపుకోవడానికి. వాడేవాళ్లలో ఎక్కువమందికి అదెందుకుందో తెలియదు.

ఇప్పుడు తెలుగుని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టే పిల్లలకి ఈ చేతుల లెక్క అక్కర్లేదు గానీ, లెక్క మాత్రం అలాగే ఉంది. మన మాటల చివర ఇ, ఉ ఎక్కువ కాబట్టి కుడిచేతికి కాస్త న్యాయం జరిగింది. పులి, పిల్లి, ఇల్లు, ఉల్లి, కొలిమి అన్నీ కుడివే. వస్తా అంటే అయిదక్షరాలూ ఎడమవి. నవ్వొస్తే కొట్టే ఎల్ ఓ ఎల్ కుడిచేతి ఉంగరపు వేలు ఒక్కదానిదే. ఫోను మీద ఇవన్నీ రెండు బొటనవేళ్లు కొట్టేస్తున్నాయి. ఇన్‌స్టిట్యూట్‌లో బొటనవేలికి ఇచ్చిన పని ఒక్కటే, మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలడం. హయ్యరు డిస్టింక్షన్‌లో పాసై, ముప్పయ్యేళ్లు సర్వీసు చేసిన పెద్దమనుషులు వాట్సాప్‌లో మనవడికి జవాబివ్వాలంటే ఫోను ఎడమచేత్తో పట్టుకుని, కళ్లజోడు సవరించుకుని, కుడి చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, మీటలనే చూస్తూ కొడుతున్నారు.